చిలకమ్మ నూతిలో జాడలు

హేమశ్రీ వెళ్ళేసరికి నూతి మీద గిలక లేదు. గిలక కట్టిన వాసాలు విప్పేసి ఒక పక్కన పడేశారు. సగం తవ్విన గొయ్యి చుట్టూ కర్రలు పాతి, ఎర్ర రిబ్బను చుట్టారు. కొత్త షాపు గుమ్మానికి కట్టినట్టు నిగనిగలాడుతోంది అది. తవ్విపోసిన మట్టిగుట్ట మీద చిలకమ్మ కూచుని చేతిలో బెడ్డను నలుపుతోంది. నలిగిన మట్టిని జారవిడిచి, మళ్ళీ ఇంకో బెడ్డ తీసుకుంటోంది.

హేమశ్రీ భుజాన ఉన్న సంచీ దించింది. అందులో సుత్తి, పెయింటు బ్రష్షులు, పాత పేపర్లు, ప్లాస్టర్ పొడి ఉన్నాయి. ఆనందపురం జంక్షన్‌లో బస్సు దిగి, గెడ్డవాగు దాటి, ఎండలో ఇంత దూరం నడిచి వచ్చింది.

"పని ఆపేశారేంటత్తా?"

చిలకమ్మ తలెత్తలేదు. "నన్నడుగుతావేటమ్మా? నువ్వే కదా ఆపించినావు."

"నేనా?"

పాక నీడలో పడుకున్న కన్నబాబు లేచి కూచున్నాడు. నుయ్యి తవ్వే మేస్త్రీ అతను. "నిన్న ఆపీసోల్లు జీపులో వచ్చినారమ్మా. యూనివర్సిటీ నుండి కాయితం వచ్చినాదంట. ఈ నూతిలో పాతకాలం నాటి జాడలేవో ఉన్నాయంట. పలుగు ఏత్తే కేసైపోద్దన్నారు. మరి నాను దిగను. నాకు పిల్లలున్నారు."

హేమశ్రీకి వెంటనే ఏమీ అర్థం కాలేదు. కాయితం సంగతి ఆమెకు తెలుసు. ఆ కాయితం రాయడానికి కావలసిన వివరాలన్నీ తనే ఇచ్చింది. కానీ అది రాసింది గోడ అవతలి వెంచర్ గురించి. చిలకమ్మ పెరటి వెనక నిలువెత్తు ప్రహరీ. దాని అవతల కొన్ని ఎకరాల మెట్టభూమిని ప్లాట్లు చేస్తున్నారు. పొక్లెయిన్లు రాత్రీ పగలూ తవ్వుతున్నాయి. తవ్విన మట్టిని టిప్పర్లు ఊళ్ళో పల్లపు స్థలాలు కప్పడానికి మోసుకుపోతున్నాయి. ఇప్పుడు కూడా గోడ అవతల ఇనుప తొట్టి రాతిని గీకుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

"అటు ఆపలేదా?" అంది హేమశ్రీ గోడవైపు చూపిస్తూ.

"అటెందుకు ఆపుతారు?" అన్నాడు కన్నబాబు. అతని గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

చిలకమ్మ లేచి చీర దులుపుకుంది. జంక్షన్‌లో ఆమెకు ఇడ్లీ బండి ఉంది. వెంచరోళ్ళు తవ్వడం మొదలెట్టాక, పెద్దగా లోతు లేని ఇంటి బోరు ఎండిపోయింది. రుబ్బడానికీ, గిన్నెలు కడగడానికీ, ఆఖరికి తాగడానికీ హైవే పక్క హోటల్ కుళాయి నుంచి బిందెలు మోసుకొస్తోంది. అందుకే ఈ నుయ్యి. మొదటి వానలు పడకముందే తవ్వడం అయిపోయి, సిమెంటు వరలు దింపెయ్యాలి. వరలు లేని నూతి గోడ వానకు నిలబడదు.

"తలుపు తీసి లోపలికి రానిచ్చినాను," అంది చిలకమ్మ. "సదువుకుంటన్న ఆడగుంట, ఎండని పడి వచ్చినాదని మజ్జిగిచ్చినాను. గోడవతలోల్లు నిన్ను గేటు కాడికైనా రానిచ్చినారేటి? ఆల్లని ఏటీ అన్లేదు. నా నుయ్యి ఆపినారు."

మాట అయిపోయాక ఆమె వెళ్ళి బిందె తీసుకుంది. హేమశ్రీ రిబ్బను ఇవతలే నిలబడి గొయ్యిలోకి చూసింది. పైన ఎర్రమట్టి. దాని కింద మనిషి లోతున బూడిదరంగు పొర ఒకటి. వరద వచ్చిపోయాక ఏటి ఒడ్డున ఒండ్రు పేరుకుని, ఎండి, గట్టిపడి, దాని మీద మళ్ళీ ఇసక కప్పుకున్న పొర అది. ఇప్పటి గెడ్డ పుట్టకముందు ఇక్కడ పారిన పెద్ద ఏరేదో వదిలివెళ్ళింది. ఆ ఒండ్రులో వేలి లావు గొట్టాలు నిలువుగా, ఏటవాలుగా దిగి ఉన్నాయి. వాటి నిండా పైనుంచి జారిన తెల్ల ఇసక. గొట్టంలో బతికినదేదీ మిగల్లేదు. ఎముక లేదు, డిప్ప లేదు. అది వెళ్ళిన దారి మాత్రం ఉంది. రెండేళ్ళుగా హేమశ్రీ చదువుతున్నది ఆ దారుల గురించే.

ఇప్పుడు రిబ్బను దాటి లోపలికి దిగడానికి ఆమెకు కాలు రాలేదు.

*

భీమశంకరరావు గారి గదిలో ఫ్యాను తిరుగుతోంది. బల్లమీది కాయితాలు ఎగరకుండా వాటి మీద రాళ్ళు పెట్టి ఉన్నాయి. హేమశ్రీ గైడు ఆయన. మనిషి మంచివాడే. ఫీల్డుకి వెళ్ళినప్పుడు విద్యార్థుల నీళ్ళ సీసాలు కూడా తనే మోస్తాడు.

"ఆపారా! నిజంగా ఆపారా?" అని ఆయన కళ్ళజోడు తీశాడు. ముఖం వెలిగిపోయింది. "ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను రాసిన ఉత్తరానికి ఎవరైనా కదలడం ఇదే మొదటిసారమ్మా."

"ఆపింది చిలకమ్మ గారి నుయ్యి సార్. వెంచర్ కాదు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "అదేంటి? పొర మొత్తం కాపాడమని కదా రాశాను."

"స్థలం సర్వే నంబరు అని ఒకటి రాశాం కదా సార్. అది చిలకమ్మ గారిది."

"మనం చూసింది అక్కడే కదా మరి!"

ఆయన పేపర్‌వెయిట్‌గా పెట్టుకున్న రాయిని అటూ ఇటూ తిప్పాడు. చివరికి, ఇప్పుడు వెనక్కి తగ్గితే ఉన్నది కూడా పోతుందన్నాడు. ఆ గొట్టాలు జంతువులు తవ్వినవేనని గట్టిగా రుజువు చేస్తే పొర విలువ పెరుగుతుంది, అప్పుడు గోడ అవతల కూడా ఆపమని అడగొచ్చు. మొక్కల వేళ్ళ జాడలైతే ఎవరూ పట్టించుకోరు, అవి ఎక్కడైనా ఉంటాయి. "తొందర్లో జాయింట్ ఇన్‌స్పెక్షన్ పెడతారు. ఆ రోజుకి నువ్వు ఒక మాట మీద ఉండాలి. తవ్వినవి. అంతే."

"ఆవిడ నీళ్ళు, సార్?"

"కొన్నాళ్ళే కదమ్మా."

గాజువాకలో వాళ్ళ ఇంటి మేడ మీద హేమశ్రీ ముందే తెచ్చిపెట్టుకున్న బెడ్డలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. వాటి కింద పరిచిన పేపర్ల మీద రోజూ పడే ఫ్యాక్టరీల నల్లటి దుమ్ము ఆ రోజూ పడింది. ఆమె పొద్దున్నే లేచి, ఒక్కో బెడ్డను బ్రష్షుతో తుడిచి, భూతద్దం కింద పెట్టుకుంది. వేరు అయితే కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది, కొమ్మలుగా చీలుతుంది, చుట్టూ మట్టి పాలిపోతుంది. జీవం తవ్వినదైతే పొడుగునా ఒకే లావు ఉంటుంది. గోడల మీద గోళ్ళ గీతలుంటాయి. వెనక్కి తోసిన మట్టి నెలవంకల్లా ఒకదాని వెనక ఒకటి పేరుకుంటుంది. పుస్తకంలో ఈ తేడా ఎంతో స్పష్టంగా ఉంది.

చేతిలో ఉన్న గొట్టం కిందికి సన్నబడుతోంది. చుట్టూ మట్టి పాలిపోయి ఉంది. దాని గోడ మీద సన్నగా, జంటలు జంటలుగా గీతలున్నాయి. ఆమె బెడ్డ తిప్పింది. ఎండ వేరే వైపు నుంచి పడేసరికి గీతలు మాయమయ్యాయి. మళ్ళీ తిప్పితే కనబడ్డాయి. అవి గీతలా, తను గీసిన బ్రష్షు జాడలా? ఇంకో బెడ్డ తీసింది. అందులో కొమ్మలున్నాయి, గీతల్లేవు. మూడోదాంట్లో నెలవంకలు ఉన్నట్టే ఉండి, తడి చెయ్యగానే చెరిగిపోయాయి.

పోర్టులో క్రేన్ మీద పనిచేసే తండ్రి శ్రీరామ్మూర్తి డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పకుండానే మేడ మీదికి వచ్చాడు. కూతురి పక్కన గొంతుక్కూచుని ఒక బెడ్డను చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేటమ్మా, కన్నమా?"

"అవును నాన్నా."

"ఎవలు తవ్వినారు?"

"అదే తెలియట్లేదు."

"తవ్వినోల్లున్నారని మాత్రం తెలుసునా?"

హేమశ్రీ తండ్రి ముఖం వైపు చూసింది. ఆయన వేళాకోళం ఆడటం లేదు. బెడ్డను జాగ్రత్తగా పేపరు మీద, ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టి, టీ తాగుదువు రమ్మని కిందికి దిగిపోయాడు. ఆమె వెంట వెళ్ళలేదు. మొదటి బెడ్డను మళ్ళీ తీసుకుంది.

*

వాన అనుకున్నదానికంటే ముందే వచ్చింది. మధ్యాహ్నం సముద్రం మీద నుంచి మబ్బు లేచి, ఊరు దాటి, కొండల దగ్గర ఆగి కురిసింది. మద్దిలపాలెంలో ఎక్కిన బస్సు ఆనందపురం చేరేలోగా హేమశ్రీ చిలకమ్మకి నాలుగైదుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

ఆమె వెళ్ళేటప్పటికి చిలకమ్మ, కన్నబాబు కలిసి గొయ్యి మీద రేకులు కప్పుతున్నారు. రిబ్బను తెగి బురదలో పడి ఉంది. నూతికి వంటింటి వైపు గోడ ఒక చెంప జారిపోయింది. జారిన చోటుకీ వంటింటి పునాదికీ మధ్య రెండు మూరల జాగా కూడా లేదు.

హేమశ్రీ సంచీ గుమ్మంలో పడేసి రేకు చివర పట్టుకుంది. తడి రేకు చేతుల్లోంచి జారి అరచెయ్యి గీసుకుంది. ఎవరూ ఆమెను రావద్దని గానీ రమ్మని గానీ అనలేదు. రేకులయ్యాక ఇసక సంచులు మోశారు. పెరట్లో పారుతున్న నీళ్ళు గొయ్యి వైపు రాకుండా కన్నబాబు చిన్న కాలవ తీస్తుంటే ఆ మట్టిని ఆడవాళ్ళిద్దరూ చేతులతో ఎత్తి గట్టు వేశారు. వాన సన్నబడేసరికి ముగ్గురూ ఒళ్ళంతా ఎర్రమట్టితో పాక చూరు కింద నిలబడ్డారు.

"ఇంకోపాలి ఇలగ కురిసిందంటే వంటిల్లు నూతిలోకి దిగిపోద్ది," అంది చిలకమ్మ. కోపంగా కాదు. రేపు పప్పు నానబెట్టాలి అన్నట్టుగా అంది.

కన్నబాబు బీడీ వెలిగించుకోవాలని చూసి, తడిసిన అగ్గిపెట్టెను విసిరికొట్టాడు.

జారిపడిన మట్టిలో ఒక పెద్ద గడ్డ రేకు అంచున ఆగి ఉంది. వానకు దాని ముఖం కడిగినట్టయి, గొట్టాలు ఒకదాని పక్కన ఒకటి తెల్లగా బయటపడ్డాయి. హేమశ్రీ దాని ముందు కూచుంది. చిలకమ్మ కూడా వచ్చి, మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా పక్కన కూచుంది.

"ఇయ్యేనా?"

"ఇవే అత్తా."

"ఎన్నాల్లయ్యుంటాది?"

"వేల ఏళ్ళు. ఎన్ని వేలో ఇంకా లెక్క తేలలేదు. ఇక్కడంతా అప్పుడు ఏరు పొంగి పారేది. వరద తీశాక మిగిలిన బురద ఇది."

చిలకమ్మ చూపుడువేలు ఒక గొట్టం మూతి దగ్గర పెట్టింది. వేలు సరిగ్గా సరిపోయింది. ఆమె వెంటనే వెనక్కి తీసేసి, మళ్ళీ పెట్టింది. "ఇందల ఏటుండేది?"

"ఎండ్రకాయ లాంటిదేదో అయ్యుండొచ్చు. పురుగైనా కావచ్చు. లేకపోతే..." హేమశ్రీ ఆగింది. గీసుకున్న అరచెయ్యి మండుతోంది. "లేకపోతే ఏమీ లేదు. గడ్డి వేరు ఎండి కుళ్ళిపోయి, ఆ బొరియలోకి ఇసక జారి ఉండొచ్చు."

"ఉండొచ్చు, కావచ్చు ఏటమ్మా? నీకు తెలీదేటి?"

"తెలీదు."

చిలకమ్మ నవ్వింది. ఆ నవ్వులో ఏముందో హేమశ్రీకి బోధపడలేదు. "తెలీకుండానే నా నుయ్యి ఆపించినావా, ఓలమ్మ!"

*

ఇన్‌స్పెక్షన్ రోజున, పని ఆపించిన రెవెన్యూ ఆఫీసు నుంచి అచ్యుతరామయ్య వచ్చాడు. పొడుగ్గా, అలసటగా ఉన్నాడు. అరికాళ్ళకు బురద అంటకుండా ఇటుకల మీద అడుగులేస్తూ నూతి దాకా వచ్చి, వంగి చూసి, వెనక్కి జరిగాడు. భీమశంకరరావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పేటలోని నలుగురూ గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. చిలకమ్మ ఆ రోజు బండి తీయలేదు. చేతులు కట్టుకుని వంటింటి గోడకు ఆనుకుని నిలబడింది.

భీమశంకరరావు గారు చాలా బాగా చెప్పాడు. ఏరు ఎలా పారిందో, వరద మైదానం ఎలా పుడుతుందో, జాడల శిలాజాలు ఎందుకు ముఖ్యమో చెప్పాడు. ఎముక చచ్చినదాన్ని గురించి చెబుతుంది, జాడ బతికినదాన్ని గురించి చెబుతుంది అన్నాడు. అచ్యుతరామయ్య ఓపిగ్గా విన్నాడు.

"బాగుంది సార్. మరి పైకి పంపాలి కదా, నాకు ఒక్క ముక్కలో జవాబు కావాలి. ఇవి జంతువులవేనా?"

భీమశంకరరావు గారు హేమశ్రీ వైపు తిరిగాడు. "మా స్కాలరే దీని మీద పని చేస్తోంది. చెప్పమ్మా."

హేమశ్రీ ముందుగా గోడ వైపు చెయ్యి చూపింది. "ఇదే పొర అటు కూడా ఉంటుందండి. అక్కడే ఎక్కువ పోతోంది. ఈ నుయ్యి వల్ల పోయేది ఒక చాప వెడల్పంత."

"అటు మీరు చూశారా?"

"గేటు దగ్గరే ఆపేశారండి."

"మరి చూడనిది నేనెలా రాసేది?" అన్నాడు అచ్యుతరామయ్య. "వాళ్ళకి పర్మిషన్లన్నీ ఉన్నాయి. నా దగ్గర ఉన్నది ఈ నంబరు. ఇందులో ఉన్నాయా, లేవా? అది చెప్పండి చాలు."

ఉన్నాయి అంటే భీమశంకరరావు గారి ముఖం మళ్ళీ వెలుగుతుంది. థీసిస్‌లో మూడో అధ్యాయం నిలబడుతుంది. వంటిల్లు ఇంకో వాన దాకా ఆగుతుందో లేదో ఎవరికీ తెలీదు. లేవు అంటే ఈ సాయంత్రమే గిలక కడతారు. కానీ లేవని కూడా ఆమెకు తెలీదు. ఆ గీతల్ని చూసింది. అవి కనబడటం చూసింది, కనబడకపోవడం చూసింది. గోడ అవతల పొక్లెయిన్ ఏదో పెద్దదాన్ని ఎత్తి టిప్పర్లో పడేసింది. కాళ్ళ కింద నేల అదిరింది.

"తెలీదండి," అంది హేమశ్రీ.

"అంటే?"

"జంతువులు తవ్వినవి కావచ్చు. వేళ్ళ జాడలు కావచ్చు. నాకింకా తెలీదు. తెలిసినట్టు రాయడం నా తప్పు."

భీమశంకరరావు గారు ఆమె ముఖం చూశాడు. జేబులోంచి రుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయాడు. అచ్యుతరామయ్యకు మాత్రం బరువు దిగినట్టయింది. ఫైలు అక్కడే తెరిచి, తెలీదు అంటే లేనట్టే లెక్క సార్, అంటూ రాసుకున్నాడు. వెళ్ళేటప్పుడు కన్నబాబుని పిలిచి, ఇంక నీ పని చూసుకోవయ్యా అన్నాడు.

తిరుగు దారిలో కారును భీమశంకరరావు గారే నడిపాడు. హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "నువ్వన్నది తప్పని నేను అనలేనమ్మా," అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "కానీ ఇప్పుడు ఆ అధ్యాయాన్ని ఏం చేస్తావు?" అన్నాడు.

*

రెండు రోజులు ఆమె ఇంట్లోంచి కదల్లేదు. మూడో రోజు, వరలు దింపేలోపు కొన్ని గడ్డలైనా విరగకుండా ప్లాస్టర్ కట్టి తెచ్చుకుందామని బయల్దేరింది. చిలకమ్మ సంతోషంగా ఉంటుందనుకుంది. ఎంత కాదన్నా నుయ్యి తన మాట వల్లే మళ్ళీ మొదలైంది కదా అనుకుంది.

వరలు అప్పటికే దిగిపోయాయి. నూతి చుట్టూ కొత్త సిమెంటు వర నేలకు జానెడు ఎత్తున లేచి ఉంది. వరకీ మట్టిగోడకీ మధ్య సందులో కంకర పోసి కుదించేశారు. హేమశ్రీ వర మీద చేతులు పెట్టి లోపలికి చూసింది. కింద నీళ్ళున్నాయి, ఇంకా తేరలేదు. నూతిలో ఏ పక్క చూసినా బూడిదరంగు సిమెంటే.

చిలకమ్మ పెరట్లో పీట మీద కూచుని ఇడ్లీ రేకులు తోముతోంది. పక్కన గాబు నిండుగా ఉంది.

"నీల్లు పడినాయి," అంది, తోమడం ఆపకుండా.

"బేగి అయిపోయిందే అత్తా."

"మరి ఆగుతానేటి? మల్లీ ఎవలో ఒకలు వచ్చి రిబ్బను కట్టరని ఏటి నమ్మకం? కన్నబాబు ఇద్దరు మనుసుల్ని తెచ్చినాడు. ఏకబిగిని తవ్వేసినారు."

హేమశ్రీ సంచీ దించలేదు. చూరు కింద నిలబడింది. ప్లాస్టర్ బరువు భుజాన్ని లాగుతోంది. "ఆ గడ్డలు రెండు తీసుకెళ్దామని వచ్చాను."

"తెలీదన్నావు కదమ్మా. అందరి ముందరా అన్నావు. మరేటి తీసుకెల్తావు?"

నిజమే. ఆ రోజు ఫైల్లో రాసుకున్న ముక్కే చిలకమ్మ కూడా అంటోంది. గోడ అవతల చప్పుడు ఇప్పుడు దూరంగా, స్థలం ఇంకో మూల నుంచి వస్తోంది. ఇటువైపు తవ్వడం అయిపోయినట్టుంది. ఆమె చెప్పులు వేసుకోబోయింది.

"ఎక్కడికి ఎల్తన్నావు? ఇలగ రా."

చిలకమ్మ చేతులు కడుక్కుని, చీర చెంగుతో తుడుచుకుంటూ పాకలోకి నడిచింది. లోపల కట్టెలు పేర్చే మూలని కట్టెలన్నీ ఒక పక్కకి నెట్టేసి ఉన్నాయి. ఆ ఖాళీ చోట తడి గోనెపట్టాలు కప్పి ఏవో ఉన్నాయి. ఆమె పట్టా తీసింది. కుండ సైజు గడ్డలు ఆరో ఏడో. అన్నీ ఆ పొరవే. పలుగు దెబ్బ ముఖం మీద పడకుండా పక్కల నుంచి చెక్కి తీసినవి. వానలో ఆ రోజు ఇద్దరూ చూసిన గడ్డ కూడా అందులో ఉంది. ఒక్కోదాని మీద సున్నంతో గీత పెట్టి ఉంది.

"పైవైపు ఏటో, కిందవైపు ఏటో తెలవాలని గీత పెట్టమన్నాను," అంది చిలకమ్మ. "ఎండిపోతే నెర్రలిచ్చేత్తాయని కన్నబాబు అన్నాడు. అందుకని రోజూ తడుపుతన్నాను. ఆడు తిట్టుకున్నాడు, మట్టిముద్దల కోసం పని ఆలీసం అయిపోతందని."

హేమశ్రీ గడ్డల వైపు చూసింది, చిలకమ్మ వైపు చూసింది. ఆమెకు ఏదీ ఒక కొలిక్కి రాలేదు. "నేను తెలీదన్నాను కదా అత్తా. మరెందుకు ఉంచావు?"

చిలకమ్మ కూడా ఆమె వైపు అంతే అయోమయంగా చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"తెలీదన్నదాన్ని పారేత్తారేటి?"

ఆ తర్వాత ఆమె వంగి, అన్నిటికంటే పెద్ద గడ్డకి ఒక పక్కన చేతులు వేసింది. హేమశ్రీ సంచీ దించి రెండో పక్క పట్టుకుంది. గడ్డ చల్లగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

"మెల్లిగా," అంది చిలకమ్మ. "పడేత్తావు."